యాక్సెప్ట్: సోలింగెన్ హెవీ మెటల్ బృందం, దాని వినైల్ రికార్డులపై తరచుగా అడిగే ప్రశ్నలు

జర్మన్ హెవీ మెటల్ బృందం యాక్సెప్ట్ పాటలు ఫోనులో విని ఇష్టపడి, ఆ తర్వాత ఎల్‌పీల (పెద్ద వినైల్ రికార్డుల) వైపు చూపు మళ్లినవారు తరచుగా అడిగే ప్రశ్నలివి. బృందం చరిత్ర ఒకటి, రికార్డుల చరిత్ర ఒకటి అని విడదీయలేదు. ఈ బృందం విషయంలో ఆ రెండూ ఒకటే. ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు, కంపెనీ ఏం కోరింది, బృందం ఏం కాదన్నది వంటివన్నీ అట్టల మీద, లేబుళ్ల మీద, చివరికి గాడుల్లో కూడా కనిపిస్తాయి.

యాక్సెప్ట్ ఎప్పుడు మొదలైంది?

ఏ ఏడాదిని మొదలుగా తీసుకుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1960ల చివర్లో గాయకుడు ఊడో డిర్క్‌ష్నైడర్, గిటారిస్టు మైఖేల్ వాగనర్ కలిసి 'బ్యాండ్ ఎక్స్' అనే పేరుతో వాయించేవారు. కొన్నాళ్లకు అదే యాక్సెప్ట్ అయింది. అప్పట్లో సభ్యులు వచ్చిపోతూనే ఉన్నారు. మనకు తెలిసిన యాక్సెప్ట్‌కు రూపం వచ్చింది 1976 ప్రాంతంలో. అప్పటికి గిటారుకు వోల్ఫ్ హాఫ్‌మన్, బేస్ గిటారుకు పీటర్ బాల్టెస్ చేరారు. ఆ ఏడాదే 'రాక్ ఆమ్ రైన్' అనే ఉత్సవంలో వాయించే అవకాశం వచ్చింది. తొలి ఆల్బమ్ 1979లో విడుదలైంది. డ్రమ్ముల దగ్గర స్టెఫాన్ కౌఫ్‌మన్ కూర్చున్నది మాత్రం ఆ తర్వాతే, రెండో ఆల్బమ్‌తో.

వాగనర్ పేరు గుర్తుపెట్టుకోండి. అతను గిటారు వదిలేసి రికార్డింగ్ ఇంజినీరు అయ్యాడు. యాక్సెప్ట్ మంచి రోజుల్లోని ఆల్బమ్‌ల శబ్దం వెనుక అతని చేయి ఉంది. తర్వాత అమెరికా వెళ్లి, 1986లో అమెరికన్ మెటల్ బృందం మెటాలికా ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'కు మిక్సింగ్ చేసింది కూడా అతనే.

ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చింది?

బ్రిటన్‌కు చెందిన చికెన్ షాక్ అనే బ్లూస్ బృందం 1970లో 'యాక్సెప్ట్' అనే ఆల్బమ్ తెచ్చింది. పేరు దాని నుంచే తీసుకున్నారు. అంటే ఈ బృందానికి పేరు పెట్టింది కూడా ఒక ఎల్‌పీయే.

సోలింగెన్ ఎక్కడుంది? స్కార్పియన్స్ ఊరు కూడా అదేనా?

కాదు. మరో జర్మన్ రాక్ బృందమైన స్కార్పియన్స్‌ది జర్మనీ ఉత్తరాన ఉన్న హానోవర్. సోలింగెన్ పశ్చిమాన, కొలోన్, డ్యూసెల్‌డార్ఫ్‌లకు దగ్గర్లో ఉంటుంది. శతాబ్దాలుగా కత్తులకు పేరున్న ఊరు. పాత గడ్డం కత్తుల మీద, మంచి వంటింటి కత్తుల మీద ఆ ఊరి పేరు చెక్కి ఉంటుంది. యాక్సెప్ట్ సంగీతం వింటుంటే ఆ సంగతి గుర్తుకు రాకుండా ఉండదు. హాఫ్‌మన్ గిటారులో పదును ఎంత ఉంటుందో, పనితనం కూడా అంతే ఉంటుంది. ఒక్క స్వరం కూడా అలసత్వంతో పడదు.

ఊడో గొంతు ఎందుకంత బొంగురుగా ఉంటుంది? కొన్ని పాటల్లో వేరే మెత్తటి గొంతు వినిపిస్తుంది, అది ఎవరిది?

ఊడోది సహజంగానే గరుకు గొంతు. దాన్ని మెత్తబరచుకోవాలని అతను ఎప్పుడూ ప్రయత్నించలేదు. గాజు మీద ఇసుక కాగితం రుద్దినట్లు ఉండే ఆ అరుపు కింద, మగవాళ్లంతా కలిసి మంద్రస్థాయిలో పాడే కోరస్ ఒకటి ఉంటుంది. పైన ఒక్క గొంతు చీల్చుకుపోతుంటే కింద పది గొంతులు గోడలా నిలబడతాయి. చాలామంది ఊడో గొంతు గురించే మాట్లాడతారు. నా దృష్టిలో యాక్సెప్ట్‌ను యాక్సెప్ట్‌గా చేసింది ఆ కోరస్. దాన్ని చర్చి గాయక బృందంతో పోలుస్తారు కానీ, నాకు మాత్రం పని ముగించుకుని ఫ్యాక్టరీ గేటు దాటి వస్తున్న కార్మికుల గొంతుల్లా వినిపిస్తుంది.

ఆ మెత్తటి గొంతు పీటర్ బాల్టెస్‌ది. తొలి ఆల్బమ్‌లో 'సీవిండ్స్', రెండోదానిలో 'ద కింగ్', మూడోదానిలో 'బ్రేకింగ్ అప్ అగైన్' అతను పాడినవే. గాయకుడు మారాడేమోనని కంగారుపడి లేబుల్ చూసుకోవాల్సిన పని లేదు.

తొలి రెండు ఆల్బమ్‌లు కొనాలా?

అన్నీ ఉండాలనుకునేవారు కొనుక్కోవచ్చు. వినడానికే అయితే తొందర లేదు. 1979 నాటి తొలి ఆల్బమ్‌లో బృందం ఇంకా తనను తాను వెతుక్కుంటోంది. రంపం పట్టుకున్న యువతి బొమ్మ ఉన్న దాని అట్ట లోపలి సంగీతం కన్నా ఎక్కువ పేరు తెచ్చుకుంది. 1980 నాటి 'ఐయామ్ ఎ రెబెల్' శీర్షిక గీతం బృందం రాసినది కాదు. ఆస్ట్రేలియా రాక్ బృందం ఏసీ/డీసీలోని సోదరులు మాల్కమ్, యాంగస్ యంగ్‌ల అన్న అలెగ్జాండర్ యంగ్, జార్జ్ అలెగ్జాండర్ అనే పేరుతో రాసిన పాట. అంతకు ముందే ఏసీ/డీసీ కూడా దాన్ని రికార్డు చేసి, విడుదల చేయకుండా పక్కన పెట్టింది. రేడియోలో మోగే పాట కావాలన్న ఆశ ఆ ఆల్బమ్ అంతటా తెలిసిపోతుంది. ఆ ఆశ ఫలించలేదు. అది మంచికే జరిగింది.

'బ్రేకర్'ను అసలైన ఆరంభం అంటారు. ఎందుకు?

ఎందుకంటే 1981లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఎవరి మాటా వినకుండా తమకు నచ్చినట్లు వాయించారు. 'స్టార్‌లైట్' మొదటి నిమిషంలోనే తేడా తెలుస్తుంది. గిటార్లు దగ్గరగా, పొడిగా, మొహం మీదే మోగుతాయి. ఇంజినీరు వాగనర్ కావడం అందుకు ఒక కారణం. ఆ ఏడాదే బ్రిటిష్ హెవీ మెటల్ బృందం జూడాస్ ప్రీస్ట్‌తో కలిసి ఐరోపా పర్యటన చేశారు. రెండు గిటార్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి ప్రీస్ట్ నుంచి నేర్చుకున్నదని కొందరంటారు. ప్రభావం ఉంది, కాదనను. కానీ ప్రీస్ట్ పాటల్లో మెరుపు ఎక్కువ, వీళ్ల పాటల్లో బరువు ఎక్కువ.

ఈ ఆల్బమ్‌లో తిట్టుతో నిండిన 'సన్ ఆఫ్ ఎ బిచ్' అనే పాట ఉంది. బ్రిటన్ కోసం దాన్నే 'బార్న్ టు బి విప్డ్' అని మాటలు మార్చి పాడారు. రెండు రూపాలూ కావాలనుకునేవారు జర్మన్ ముద్రణ, బ్రిటిష్ ముద్రణ రెండూ వెతుక్కుంటారు.

'రెస్ట్‌లెస్ అండ్ వైల్డ్' పెట్టగానే పాత జానపద గీతం వచ్చింది, వెంటనే సూది గీసుకుపోయిన చప్పుడు వినిపించింది. నా రికార్డు పాడైందా?

లేదు. పరుగెత్తుకెళ్లి రికార్డ్ ప్లేయర్ ఆపకండి. నాకు తెలిసిన చాలామంది మొదటిసారి విన్నప్పుడు అదే చేశారు.

1982లో వచ్చిన ఈ ఆల్బమ్ మొదటి పాట 'ఫాస్ట్ యాజ్ ఎ షార్క్'. సూది గాడిలో పడగానే అరిగిపోయిన పాత గ్రామఫోను రికార్డు ఒకటి గరగరలాడుతూ మోగుతుంది. 'హైడి హైడో హైడా' అంటూ సరదాగా సాగే జర్మన్ జానపద గీతం. కొద్ది క్షణాల తర్వాత దాని మీద నుంచి సూదిని ఎవరో బర్రున లాగేసిన చప్పుడు. ఆ వెంటనే ఊడో కేక, దాని కిందే కౌఫ్‌మన్ రెండు పాదాలతో రెండు బేస్ డ్రమ్ములను ఆపకుండా కొట్టే దరువు. 1982లో అంత వేగం విన్నవాళ్లు అరుదు. స్పీడ్ మెటల్‌కు మొదటి పాటల్లో ఇదొకటని చెప్పేవారు చాలామంది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ కాలంలోనే ఎస్సెన్‌లో క్రియేటర్, గెల్జెన్‌కిర్షెన్‌లో సోడోమ్ లాంటి మెటల్ బృందాలు పుట్టాయి. రెండు ఊళ్లూ సోలింగెన్‌కు దగ్గర్లోనే ఉన్నాయి.

ఈ పాటను వినైల్ మీదే వినమని పట్టుబట్టేది ఇందుకే. సీడీలో, ఫోనులో ఆ గీరుడు ఒక శబ్దం మాత్రమే. వినైల్ మీద మాత్రం మీ సూది, మీ రికార్డు, మీ గదిలో తిరుగుతున్నప్పుడు ఆ గాడిలో నుంచే ఇంకో సూది గీసుకుపోతుంది. క్షణం పాటు గుండె ఆగుతుంది. ఏది మీ యంత్రం, ఏది వాళ్ల యంత్రం అన్నది తెలియదు. తెలిసేలోపు పాట మీ మీదికి వచ్చేసి ఉంటుంది. హెవీ మెటల్‌లో ఇంతకన్నా తెలివైన ప్రారంభం నేను వినలేదు.

ఆ జానపద గీతం ఏమిటి? దాని మీద వివాదం ఉందని విన్నాను.

'ఐన్ హెల్లర్ ఉంట్ ఐన్ బాట్సెన్' అనే 19వ శతాబ్దపు పాట. హెల్లర్, బాట్సెన్ అనేవి పాతకాలపు నాణేలు. ఉన్న రెండు నాణేల్లో ఒకటి నీళ్లకు, ఒకటి ద్రాక్షసారాకు ఖర్చయిపోయిందని పాడుకునే తాగుబోతుల పాట. రాజకీయం ఏమీ లేదు. అయితే రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికులు కవాతు చేస్తూ దీన్ని పాడేవారు. జర్మన్ సైన్యం ఆక్రమించిన దేశాల్లో పెద్దవాళ్లకు ఆ రాగం వింటే వేరే జ్ఞాపకాలు వస్తాయి. అందుకే అభ్యంతరాలు వచ్చాయి. అమాయకమైన పాటను పెట్టి దాన్ని ఛిద్రం చేయడమే బృందం ఉద్దేశం. పాట విన్నవారికి ఆ ఉద్దేశం అర్థమవుతుంది. అయినా బాధపడినవారి జ్ఞాపకం అబద్ధం కాదు. ఈ రెండూ కలిపి తెలుసుకుని వినడమే న్యాయం.

ఆ ఆల్బమ్ అట్ట మీద హెర్మాన్ ఫ్రాంక్ పేరుంది. కానీ అతను వాయించలేదంటారు. నిజమేనా?

నిజమే. రెండో గిటారిస్టు యోర్గ్ ఫిషర్ వెళ్లిపోయాక రికార్డింగులో గిటార్లన్నీ హాఫ్‌మన్ ఒక్కడే వాయించాడు. ఫ్రాంక్ తర్వాత చేరాడు, పేరు అట్ట మీదికి ఎక్కింది. అతను వాయించిన మొదటి యాక్సెప్ట్ ఆల్బమ్ 'బాల్స్ టు ద వాల్'. ఇలాంటిదే 1989లో 'ఈట్ ద హీట్' విషయంలోనూ జరిగింది. గిటారిస్టు జిమ్ స్టేసీ ఫొటోలో ఉన్నాడు, రికార్డింగులో లేడు. అట్ట చెప్పేదీ గాడి చెప్పేదీ ఒకటే కానక్కరలేదు.

'బాల్స్ టు ద వాల్' అంటే అర్థం ఏమిటి?

అశ్లీలం అనుకునేవారు ఎక్కువ. దీని మూలం విమానాల్లో ఉందని ఎక్కువమంది చెబుతారు. పాత విమానాల్లో ఇంజిను వేగం పెంచే మీటల చివర గుండ్రటి బుడిపెలు ఉండేవి. వాటిని ముందున్న గోడ వైపు పూర్తిగా తోస్తే ఇంజిను పూర్తి శక్తితో పనిచేస్తుంది. మన మాటలో చెప్పాలంటే ఉన్న శక్తినంతా ధారపోయడం. యాక్సెప్ట్ మాత్రం ఈ మాటను తమ దారికి మళ్లించింది. పాటలో అణగదొక్కబడినవాళ్లు ఒక రోజు లేస్తారు, సంకెళ్లు తెంచుకుంటారు, పీడించినవాళ్లను గోడకు చేర్చి నిలబెడతారు. కొద్ది స్వరాలే నడిపే గిటారు, నింపాదిగా సాగే దరువు, చివర్లో ఆ కోరస్ గోడ. వేగం లేకుండా ఇంత ఒత్తిడి ఎలా పుట్టించారో అని ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

జర్మనీలో 1983 చివర్లో, అమెరికాలో 1984 మొదట్లో విడుదలైంది. అమెరికాలో పోర్ట్రెయిట్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ ముద్ర) మీద వచ్చింది. ఎమ్‌టీవీలో శీర్షిక గీతం మోగింది. అమెరికాలో అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందిన యాక్సెప్ట్ ఆల్బమ్ ఇదొక్కటే. అదే 1984 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని డోనింగ్టన్ 'మాన్‌స్టర్స్ ఆఫ్ రాక్' వేదిక మీద ఏసీ/డీసీ, వాన్ హేలెన్‌లతో పాటు వీళ్లు కూడా వాయించారు.

పాటల రచయిత 'డెఫీ' అని ఉంది. ఎవరా వ్యక్తి?

గాబీ హౌకె. బృందానికి మేనేజరు, పాటల రచయిత్రి, తర్వాత హాఫ్‌మన్ భార్య. వేదిక మీద ఎన్నడూ కనిపించని ఈమెను యాక్సెప్ట్ ఆరో సభ్యురాలిగా లెక్కించాలని నేను గట్టిగా నమ్ముతాను. 'బాల్స్ టు ద వాల్' అట్ట మీద కండలు తిరిగిన మగవాడి తొడ, పిడికిలిలో ఒక బంతి ఉన్న ఫొటో వెనుక ఆలోచన కూడా ఈమెదే. ఆ ఫొటో, అందులోని 'లండన్ లెదర్‌బాయ్స్' పాట కలిసి అమెరికాలో పెద్ద చర్చ రేపాయి. స్వలింగ ప్రేమ గురించి బృందం పాడుతోందని పత్రికలు రాశాయి. సమాజం అంచులకు నెట్టేసినవాళ్ల గురించి పాడటం ఆ పాటలన్నిటికీ మూలం. 1983లో మెటల్ సంగీతంలో అలాంటి మాట ఎత్తినవాళ్లు చాలా తక్కువ.

'మెటల్ హార్ట్'లో బేతోవెన్ వినిపిస్తాడు. ఎలా?

1985 నాటి ఈ ఆల్బమ్‌ను నిర్మించింది డీటర్ డియర్క్స్. స్కార్పియన్స్‌ను ప్రపంచానికి పరిచయం చేసినవాడు. కొలోన్ పక్కన ష్టోమ్మెల్న్ అనే చిన్న ఊళ్లో అతని స్టూడియో. యాక్సెప్ట్ అంతకు ముందు రెండు ఆల్బమ్‌లనూ అక్కడే రికార్డు చేసింది కానీ, నిర్మాతగా డియర్క్స్ కూర్చున్నది ఈసారే. శబ్దం మరింత నున్నగా, పెద్దగా మారింది.

శీర్షిక గీతం చైకోవ్‌స్కీ 'స్లావోనిక్ మార్చ్' రాగంతో మొదలవుతుంది. మధ్యలో గిటారు సోలో బేతోవెన్ 'ఫ్యూర్ ఎలీజె'లోకి జారుతుంది. పియానో నేర్చుకునే ప్రతి పిల్లవాడూ వాయించే ముక్క అది. దాన్నే హాఫ్‌మన్ ఏడిపిస్తూ వాయిస్తాడు, ప్రేక్షకులు గొంతు కలుపుతారు. శాస్త్రీయ సంగీతం హాఫ్‌మన్‌కు అలంకారం కాదు, ఊపిరి. 1997లో 'క్లాసికల్', 2016లో 'హెడ్‌బ్యాంగర్స్ సింఫనీ' అని రెండు సొంత ఆల్బమ్‌లు పూర్తిగా ఆ రాగాలతోనే చేశాడు. 2017లో వాకెన్ ఉత్సవంలో యాక్సెప్ట్ పూర్తి ఆర్కెస్ట్రాతో వాయించింది. అది 'సింఫానిక్ టెర్రర్' పేరుతో వచ్చింది.

ఊడో ఎందుకు వెళ్లిపోయాడు?

1986లో 'రష్యన్ రూలెట్' వచ్చింది. సైనిక దుస్తుల్లో బల్ల చుట్టూ కూర్చున్న బృందం దాని అట్ట. పాటల్లో యుద్ధం పట్ల కోపం. ఆ తర్వాత అమెరికా మార్కెట్టుకు తగ్గట్టు మెత్తబడాలన్న ఒత్తిడి పెరిగింది. ఊడో గొంతు మెత్తబడేది కాదు. 1987లో విడిపోయారు. ఆ విడిపోవడం కూడా మర్యాదగా జరిగింది. ఊడో కొత్త బృందం యు.డి.ఓ. తొలి ఆల్బమ్ 'యానిమల్ హౌస్' పాటలను రాసిచ్చింది యాక్సెప్ట్ సభ్యులే.

అమెరికన్ గాయకుడు డేవిడ్ రీస్‌తో చేసిన 'ఈట్ ద హీట్' అభిమానులకు నచ్చలేదు. కౌఫ్‌మన్‌కు వెన్నునొప్పి ముదిరింది. 1989లో బృందం ఆగిపోయింది. రీస్ మంచి గాయకుడే. ఆ రికార్డును వేరే పేరు మీద విడుదల చేసి ఉంటే ఇంత కోపం మూటగట్టుకునేది కాదు.

1993లో ఊడోతో మళ్లీ కలిసి 'ఆబ్జెక్షన్ ఓవర్‌రూల్డ్', 1994లో 'డెత్ రో', 1996లో 'ప్రెడేటర్' చేశారు. మళ్లీ విడిపోయారు. హాఫ్‌మన్ అమెరికా వెళ్లి ఫొటోగ్రాఫరుగా స్థిరపడ్డాడు. 2005లో కొన్ని ఉత్సవాల కోసం ఊడోతో కలిసి వాయించారు, అంతే.

ఇప్పుడు పాడేది ఎవరు?

మార్క్ టోర్నిల్లో. టి.టి. క్విక్ అనే అమెరికన్ బృందంలో పాడినవాడు. 2009లో చేరాడు. 2010లో 'బ్లడ్ ఆఫ్ ద నేషన్స్'తో యాక్సెప్ట్ తిరిగి లేచింది. నిర్మాత ఆండీ స్నీప్. ఊడో లేని యాక్సెప్ట్ యాక్సెప్టే కాదని అప్పట్లో నేను కూడా అన్నాను. మొదటి పక్క ముగిసేసరికి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. 2014లో 'బ్లైండ్ రేజ్' జర్మనీ పట్టికలో మొదటి స్థానం అందుకుంది. ఇన్నేళ్లలో అదే మొదటిసారి. బాల్టెస్ 2018లో వెళ్లిపోయాడు. తొలి ఆల్బమ్ నుంచి ఇప్పటిదాకా మిగిలింది హాఫ్‌మన్ ఒక్కడే. 2024లో 'హ్యూమనాయిడ్' వచ్చింది.

తొలి జర్మన్ ముద్రణను ఎలా గుర్తుపట్టాలి?

తొలి నాలుగు ఆల్బమ్‌లు జర్మనీలో బ్రెయిన్ అనే లేబుల్ మీద వచ్చాయి. హాంబర్గ్‌కు చెందిన మెట్రోనోమ్ కంపెనీ విభాగం అది. 1970ల మొదట్లో జర్మన్ ప్రయోగాత్మక రాక్ సంగీతానికి నిలయంగా పేరుపొందింది. బ్రెయిన్ తొలి రోజుల రికార్డులకు ఆకుపచ్చ లేబుల్ ఉండేది. యాక్సెప్ట్ వచ్చేనాటికి అది నారింజ రంగుకు మారింది. కాబట్టి ఎవరైనా ఆకుపచ్చ లేబుల్‌తో యాక్సెప్ట్ రికార్డు చూపిస్తే అనుమానించండి. కేటలాగ్ సంఖ్య 0060తో మొదలవుతుంది. లేబుల్ మీద జర్మన్ హక్కుల సంస్థ గేమా పేరు ఒక చిన్న పెట్టెలో ఉంటుంది.

లేబుల్ చుట్టూ పాటలు లేని నున్నటి భాగం ఉంటుంది కదా, దాన్ని వెలుతురులో వాలుగా పట్టుకుని చూడండి. గీసిన లేదా అచ్చొత్తిన అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. ఈ రికార్డు ఏ మాస్టరు (ముద్రణకు మూలమైన అచ్చు) నుంచి వచ్చిందో అవే చెబుతాయి. అట్ట మారవచ్చు, ఎవరో వేరే అట్టలో పెట్టి అమ్మవచ్చు. ఆ అంకెలు మారవు. అమ్మేవారిని ముందుగా ఆ భాగం ఫొటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి. నేను ఒకసారి అడగకుండా కొన్నాను. తొలి ముద్రణ అట్టలో తర్వాతి ముద్రణ రికార్డు వచ్చింది.

జర్మనీలో పుస్తకాల క్లబ్బుల సభ్యుల కోసం ప్రత్యేక ముద్రణలు కూడా వేసేవారు. వెనుక 'క్లబ్ ప్రత్యేక ముద్రణ' అనే అర్థం వచ్చే జర్మన్ మాట ఉంటే అది దుకాణాల్లో అమ్మినది కాదు. శబ్దం బాగానే ఉంటుంది, ధర మాత్రం తక్కువ ఉండాలి.

దేశాన్ని బట్టి అట్టలు మారాయా?

మారాయి. అందరికీ తెలిసిన ఉదాహరణ 'రెస్ట్‌లెస్ అండ్ వైల్డ్'. జర్మన్ అట్ట మీద మంటల్లో కాలుతున్న రెండు ఫ్లయింగ్ వి గిటార్లు (ఇంగ్లీషు V ఆకారంలో ఉండేవి). బ్రిటన్‌లో హెవీ మెటల్ వరల్డ్‌వైడ్ లేబుల్ విడుదల చేసినదాని మీద వేదిక ఫొటో. నాకు గిటార్లదే ఇష్టం. జపాన్ ముద్రణలకు అట్ట ఎడమ అంచున జపనీస్ అక్షరాలతో 'ఓబి' అనే కాగితపు పట్టీ ఉంటుంది. అది పోతే ధర బాగా పడిపోతుంది. 1985లో నగోయాలో రికార్డు చేసిన 'కైజోకు-బాన్' అనే చిన్న ప్రత్యక్ష రికార్డుకు పేరు కూడా జపనీసే. దొంగచాటు ముద్రణ అని అర్థం, కానీ అది అధికారిక విడుదలే.

తొలి ముద్రణ కొనాలా, కొత్తగా వేసినది కొనాలా?

వినడానికైతే మంచి స్థితిలో ఉన్న ఏదైనా సరే. 'మెటల్ హార్ట్' లాంటివాటిని ఈ మధ్య కాలంలో నెదర్లాండ్స్‌కు చెందిన మ్యూజిక్ ఆన్ వినైల్ మళ్లీ ముద్రించింది. నిశ్శబ్దంగా, శుభ్రంగా మోగుతాయి.

అయితే బ్రెయిన్ రోజుల నాలుగింటిని మాత్రం దొరికితే పాతవే కొనమంటాను. అవి అప్పటి టేపు నుంచి, అప్పటి చెవులకు నచ్చినట్లు గాడిలో చెక్కినవి. 1980లలో జర్మనీలో డీఎమ్ఎమ్ అనే కొత్త పద్ధతి కూడా వచ్చింది. అంతకు ముందు మాస్టరును మెత్తటి లక్క మీద చెక్కేవారు, దీనిలో నేరుగా రాగి పూత మీద చెక్కుతారు. టెల్డెక్, నాయ్‌మాన్ సంస్థలు కలిసి తయారుచేసిన పద్ధతి అది. లేబుల్ మీదో అట్ట మీదో డీఎమ్ఎమ్ గుర్తు ఉంటే ఆ రికార్డు అలా చేసినదే. చెవికి మరింత స్పష్టంగా, కొందరికి కాస్త చురుగ్గా వినిపిస్తుంది.

ఇంకొక సంగతి. ఎల్‌పీ ఒక పక్కకు ఇరవై నిమిషాల పైచిలుకు దాటితే గాడులు ఇరుకై శబ్దం బలం తగ్గుతుంది. 1980ల యాక్సెప్ట్ ఆల్బమ్‌లు నలభై నిమిషాల చుట్టూ ఉంటాయి కాబట్టి ఒక్క రికార్డు సరిపోయింది. 'బ్లడ్ ఆఫ్ ద నేషన్స్' గంటకు పైగా ఉంటుంది, అందుకే రెండు రికార్డులు. అమ్మేటప్పుడు ఒకటే ఉంటే అడగండి. 1990లలో సీడీల రాజ్యం నడిచింది, అందుకే ఆ మూడు ఆల్బమ్‌ల వినైల్ తక్కువ, ధర ఎక్కువ.

మన ఎండలకు రికార్డులు తట్టుకుంటాయా?

నిలబెట్టి పెడితే తట్టుకుంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చితే వంగుతాయి. మే నెలలో కారులో అరగంట వదిలేస్తే పళ్లెంలా వంకరపోతాయి, అలా పోయినదాన్ని బాగుచేయడం కష్టం. కోస్తాలో వానాకాలం అట్టలకు బూజు పడుతుంది. లోపలి కాగితపు తొడుగులు మార్చి, బీరువా తలుపు అప్పుడప్పుడూ తెరిచి గాలి ఆడనివ్వండి. విదేశాల నుంచి తెప్పించేటప్పుడు పంపేవారిని రికార్డును అట్టలో నుంచి తీసి పక్కన పెట్టి కట్టమనండి. అట్టలోనే ఉంచి పంపితే దారిలో కుదుపులకు అట్ట అంచు చీలుతుంది. కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు కలుపుకుని లెక్కవేసుకున్నాకే ధర మాట్లాడండి.

ఒక్కటే కొనగలిగితే ఏది?

'రెస్ట్‌లెస్ అండ్ వైల్డ్'. రెండో మాట లేదు. పేరు ప్రకారం చూస్తే 'బాల్స్ టు ద వాల్' చెప్పాలి. కానీ ఈ ఆల్బమ్‌లో వేగం ఉంది, బరువు ఉంది, కోరస్ ఉంది, వినైల్‌తోనే సాధ్యమయ్యే ఆ మొదటి నిమిషం ఉంది. రెండోది 'బ్రేకర్'.

'రెస్ట్‌లెస్ అండ్ వైల్డ్' రెండో పక్క చివరి పాట మధ్యలోనే ఆగిపోయింది. ఈసారైనా నా రికార్డు చెడిపోయినట్లేనా?

ఈసారి కూడా కాదు. ఆ పాట 'ప్రిన్సెస్ ఆఫ్ ద డాన్'. ఆరు నిమిషాలకు పైగా ఒకే గిటారు వరుస పట్టుకుని నడుస్తుంది, తొందరపడదు. ఉన్నట్టుండి ఎవరో కత్తితో కోసినట్లు ఆగిపోతుంది. అన్ని ముద్రణల్లోనూ అంతే.

రికార్డు మధ్యకు చేరేకొద్దీ గాడి చుట్టు చిన్నదవుతుంది, సూది ఒక్కో చుట్టులో ప్రయాణించే దూరం తగ్గుతుంది. అందుకే ఏ పక్కనైనా చివరి పాటలో శబ్దం కాస్త చిట్లడం సహజం. మీ రికార్డులో చివరి నిమిషం గరగరమంటే సూది అరిగిందేమో, సూదిని మోసే చెయ్యి (టోన్‌ఆర్మ్) సరిగ్గా అమర్చి ఉందో లేదో చూసుకోండి. పాట తెగిపోవడం మాత్రం వాళ్లు కావాలని చేసినదే. మొదటి పక్క సూది లాగేసిన చప్పుడుతో మొదలవుతుంది, రెండో పక్క సూది లాగేసినట్లు ముగుస్తుంది. ఆ తర్వాత ఖాళీ గాడిలో మీ సూది మాత్రం తిరుగుతూ ఉంటుంది, మీరు లేచి వెళ్లి ఎత్తే వరకు.